మొదటి విదేశీ ప్రయాణం, 11 రోజులు, 6 నగరాలు, మధ్యలో అంతా రైలే: కుదురుతుందా?

సోషల్ మాస్టారు | చీరాల
అందరికీ నమస్కారం. 33 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. రోమ్ సామ్రాజ్యం, సాంస్కృతిక పునరుజ్జీవనం, ఫ్రెంచి విప్లవం అంటూ నల్లబల్ల మీద యూరప్ మ్యాపు ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. వెళ్లింది మాత్రం ఎక్కడికీ లేదు, నేపాల్ కూడా చూడలేదు. ఇప్పుడు మా అమ్మాయి ఖర్చు తను పెట్టుకుంటానంది. దసరా అయ్యాక అక్టోబర్‌లో నేనూ మా ఆవిడా బయల్దేరాలని అనుకుంటున్నాం.

మాటిమాటికీ విమానం ఎక్కడం నాకు పడదు. రానూపోనూ తప్పదు గానీ మధ్యలో అంతా రైలే. నా ప్లాన్ ఇది: పారిస్ 2 రోజులు, మిలాన్ 1, వెనిస్ 1, ఫ్లోరెన్స్ 1, రోమ్ 2, వియన్నా 2. ప్రయాణాలతో కలిపి 11 రోజులు. మా ఆవిడకి మోకాళ్ల నొప్పి, మెట్లు కష్టం. ఇద్దరం శాకాహారులం. ఇంగ్లీషు చదవడం వచ్చు, ఎదుటివాళ్లు గబగబా మాట్లాడితే సగమే అందుతుంది. మొహమాటపడకుండా చెప్పండి.

బ్యాక్‌ప్యాక్ బాబు | హైదరాబాద్
సూపర్ ప్లాన్ సర్! యూరైల్ పాస్ తీసుకోండి, ఏ రైలైనా ఎక్కేయొచ్చు. నేను 9 రోజుల్లో 7 సిటీలు చుట్టేశా. రాత్రి రైళ్లలో పడుకుంటే హోటల్ ఖర్చు మిగులుతుంది.

లెక్కల మనిషి | విజయవాడ
బాబూ, నీకు పాతికేళ్లు. మాస్టారికి అరవై దాటాయి, పక్కన మోకాళ్ల నొప్పి మనిషి ఉన్నారు.

మాస్టారూ, మీ ప్లాన్‌లో ఆరు ఊళ్లు అంటే అయిదు సార్లు ఊరు మారాలి. మారిన ప్రతిసారీ పొద్దున్నే పెట్టె సర్దడం, పది పదకొండుకల్లా గది ఖాళీ చేయడం, స్టేషన్, రైలు, కొత్త ఊళ్లో హోటల్ వెతుక్కోవడం. గది తాళం చేతికొచ్చేసరికి మధ్యాహ్నం మూడు. రైలు రెండు గంటలదే అయినా సగం రోజు పోయినట్టే. పారిస్ నుంచి మిలాన్ దాదాపు ఏడు గంటలు. రోమ్ నుంచి వియన్నా రాత్రి రైలు 14 గంటల దాకా పడుతుంది. ఇవన్నీ తీసేస్తే మీకు నగరాల్లో మిగిలేది అయిదు రోజులు. తిరుపతి వెళ్లి బస్టాండ్ చూసి వచ్చినట్టుంటుంది.

ఒకే దేశం పట్టుకోండి. మీకు చరిత్ర ఇష్టం కాబట్టి ఇటలీ. రోమ్‌లో దిగి వెనిస్ నుంచి తిరుగు విమానం ఎక్కండి. హైదరాబాద్ నుంచి దుబాయి, దోహా మీదుగా అలా కుదురుతుంది. బుక్ చేసేటప్పుడు రెండు విడి టికెట్లు కాకుండా 'మల్టీ సిటీ' అని పెట్టమనండి మీ అమ్మాయిని. మళ్లీ రోమ్‌కి వెనక్కి వచ్చే పని తప్పుతుంది.

కాజీపేట లోకో | కాజీపేట
లెక్కల మనిషి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను 36 ఏళ్లు ఇంజన్ నడిపి రిటైరయ్యాను. పోయినేడాది మా వాడి దగ్గరికి వెళ్లినప్పుడు ఇటలీలో నాలుగు రైళ్లు ఎక్కాను.

పాస్ సంగతి: అక్కడి ఫాస్ట్ రైళ్లకి పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కి మళ్లీ ఒక్కొక్కరికి 13 యూరోలు కట్టాలి. 'ఇతాలో' అనే ప్రైవేటు రైళ్లలో ఆ పాస్ అసలు చెల్లదు. రెండే రెండు ప్రయాణాలకి పాస్ దండగ. విడి టికెట్లు కొనండి.

సోషల్ మాస్టారు | చీరాల
రాత్రంతా ఆలోచించాను. పారిస్ వదలడానికి మనసొప్పలేదు గానీ వదిలాను. మా ఆవిడ అయితే 'హమ్మయ్య' అంది.

వెనిస్ మాత్రం వదలను. ఎందుకంటే మా చీరాల పక్కన మోటుపల్లి ఉంది. కాకతీయుల కాలంలో పెద్ద రేవు. మార్కోపోలో తన యాత్రా కథనంలో మోటుపల్లి గురించీ, రుద్రమదేవి పాలన గురించీ, ఇక్కడి సన్నని బట్టల గురించీ రాశాడు. ఏటా పిల్లలకి ఆ పాఠం చెప్పేటప్పుడు 'వెనిస్ ఎక్కడ, మన మోటుపల్లి ఎక్కడ' అనేవాణ్ణి. ఆయన మన ఊరి సంగతి రాసిన 700 ఏళ్లకి మేము ఆయన ఊరు చూడబోతున్నాం.

రోమ్ 4 రాత్రులు, ఫ్లోరెన్స్ 2, వెనిస్ 3. ఇది సరేనా?

పాదొవా విద్యార్థిని | పాదొవా, ఇటలీ
నమస్తే మాస్టారూ! మాది నరసరావుపేట. ఇక్కడ పీజీ చదువుతున్నాను, వెనిస్‌కి రైల్లో అరగంట. మార్కోపోలో కుటుంబం ఉన్న చోటు ఇప్పటికీ చూపిస్తారు. రియాల్టో వంతెనకి దగ్గర్లో, మాలిబ్రాన్ థియేటర్ వెనక 'కోర్తే దెల్ మిలియోన్' అని చిన్న ఆవరణ. గోడ మీద ఒక రాతి పలక తప్ప ఏమీ ఉండదు. టూరిస్టులు పక్కనుంచే వెళ్లిపోతుంటారు. మీరు మాత్రం తప్పకుండా వెళ్లండి.

ఇప్పుడు రైలు విషయం. కొత్తవాళ్లు తికమకపడేది స్టేషన్ బోర్డు దగ్గరే. బోర్డు మీద ఊళ్ల పేర్లు ఇటాలియన్‌లో ఉంటాయి. ఫ్లోరెన్స్ అంటే ఫిరెంజే, వెనిస్ అంటే వెనెట్సియా. పైగా బోర్డు మీద పడేది బండి చివరి స్టేషన్ పేరు. రోమ్‌లో మీరు ఫ్లోరెన్స్ బండి కోసం చూస్తుంటే బోర్డు మీద 'మిలానో' అనో 'వెనెట్సియా' అనో 'తొరీనో' అనో ఉంటుంది. అందుకని ఊరి పేరు కాదు, టికెట్ మీద ఉన్న రైలు నంబరు చూడండి. 'పార్తెన్జే' అంటే బయల్దేరేవి, 'అర్రీవి' అంటే వచ్చేవి, 'బినారియో' అంటే ప్లాట్‌ఫాం. ప్లాట్‌ఫాం నంబరు ఒక్కోసారి పది పదిహేను నిమిషాల ముందు గానీ పడదు. టెన్షన్ పడకండి, అందరూ బోర్డు కిందే తలెత్తుకుని నిలబడి ఉంటారు.

కాజీపేట లోకో | కాజీపేట
అమ్మాయి బాగా చెప్పింది. మన దగ్గర చీరాలలో పినాకిని ఎక్కేవాడు విజయవాడ బోర్డే చూసుకుంటాడు కదా, అదే సంగతి.

నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెప్తాను, కొంచెం పొడుగు, ఓపిక పట్టండి. రోమ్, ఫ్లోరెన్స్ మధ్య లైను పేరు 'దిరెత్తిస్సిమా', అంటే తిన్నగా పోయేది. యూరప్‌లో మొట్టమొదటి హైస్పీడ్ లైను అదే. మొదటి భాగం 1977లో తెరిచారు, మొత్తం పూర్తయింది 1992లో. దాని మీద బండి 250 కిలోమీటర్ల వేగంతో పోతుంది, గంటన్నరలో ఫ్లోరెన్స్. ఆశ్చర్యం ఏమిటంటే ఆ లైనుకి ఇప్పటికీ 3 వేల వోల్టుల డీసీ కరెంటే. మన దగ్గర 25 వేల వోల్టుల ఏసీ. అంత తక్కువ వోల్టేజీతో అంత వేగం లాగుతున్నారంటే డ్రైవర్ క్యాబిన్‌లోకి వెళ్లి దణ్ణం పెట్టాలనిపించింది. ఇంకోటి, రోడ్డు మీద కార్లు కుడివైపు పోతాయి గానీ రైళ్లు మాత్రం మన లాగే ఎడమ లైను మీద పోతాయి.

కిటికీ సీటు గొడవ: రోమ్ నుంచి ఫ్లోరెన్స్ దారిలో కొండలు, ద్రాక్షతోటలు, గుట్టల మీద పాత ఊళ్లు కనిపిస్తాయి. ఫ్లోరెన్స్ దాటాక వెనిస్ వైపు మాత్రం కిటికీ కోసం కొట్లాడకండి. బొలోన్యా దాకా ఉన్న 78 కిలోమీటర్లలో 70కి పైగా సొరంగాలే. 2009లో వేసిన లైను. నేను అరగంటసేపు నా మొహమే అద్దంలో చూసుకున్నాను. తర్వాత అంతా చదును నేల, మన డెల్టా లాగే.

అసలు చూడాల్సింది ఆఖరి పది నిమిషాలు. వెనిస్‌కి ఇవతలి ఒడ్డున ఉన్న మెస్త్రే స్టేషన్ దాటగానే బండి నీళ్ల మీదికి ఎక్కుతుంది. దాదాపు 4 కిలోమీటర్ల వంతెన, 1846లో కట్టారు. మన హేవలాక్ వంతెన కంటే 50 ఏళ్లకి పైగా పాతది, దాని మీద ఇంకా బండ్లు నడుస్తున్నాయి. గోదావరి దాటేటప్పుడు చిల్లర వేసే అలవాటు ఉంటే అక్కడ అద్దాలు తెరుచుకోవు, ముందే చెప్తున్నా.

బ్యాక్‌ప్యాక్ బాబు | హైదరాబాద్
పాస్ విషయం ఒప్పుకుంటున్నా అంకుల్ 🙏 కానీ వెనిస్‌లో హోటళ్లు దారుణమైన రేటు. మెస్త్రేలో ఉండి రోజూ రైల్లో వెళ్లి రావడం బెటర్. పది నిమిషాలే.

ఊరగాయ జాడీ | రాజమండ్రి
అది మాత్రం ఒప్పుకోను. మా అత్తగారితో వెళ్లాం, మెస్త్రేలోనే దిగాం. పొద్దున పదింటికి ఊళ్లోకి వెళ్తే జనం, సాయంత్రం కాళ్లు పీకుతుంటే మళ్లీ స్టేషన్‌కి నడక. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చుదామంటే గది అవతలి ఒడ్డున. వెనిస్ అందమంతా పొద్దున ఏడింటికీ, రాత్రి తొమ్మిది తర్వాతా, పడవల్లో వచ్చినవాళ్లు వెళ్లిపోయాక. అది మేం చూడనేలేదు.

పాదొవా విద్యార్థిని | పాదొవా, ఇటలీ
అక్క చెప్పింది నిజం, కానీ బాబు మాటలో కూడా పాయింట్ ఉంది. వెనిస్‌లో కార్లు, ఆటోలు ఉండవు. ప్రతి కాలవ మీదా మెట్ల వంతెన. 'స్టేషన్ నుంచి 15 నిమిషాల నడక' అని రాసి ఉన్న హోటల్‌కి నాలుగు వంతెనలు ఎక్కి దిగాలేమో, పెట్టె చేత్తో మోస్తూ. ఆంటీ గారికి అది కుదరదు.

మధ్యేమార్గం: శాంతా లూచియా స్టేషన్ ఉన్న ఒడ్డునే, వంతెన దాటక్కర్లేని హోటల్ వెతకండి. బుక్ చేసే ముందు 'స్టేషన్ నుంచి మీ దగ్గరికి ఎన్ని వంతెనలు, లోపల లిఫ్ట్ ఉందా' అని మెసేజ్ పెట్టి అడగండి. లిఫ్ట్ లేని పాత భవనాలు చాలా ఉన్నాయి. స్టేషన్ గుమ్మం దిగగానే ఎదురుగా పెద్ద కాలవ, పడవ బస్సు రేవు. ఆ బస్సుని 'వపొరెత్తో' అంటారు. 1వ నంబరు పడవ పెద్ద కాలవ పొడుగునా నెమ్మదిగా శాన్ మార్కో దాకా వెళ్తుంది, ముప్పావుగంట. ఒక్క టికెట్ 75 నిమిషాలకి 9.50 యూరోలు, 24 గంటల పాస్ 25. రోజుకి మూడుసార్లు ఎక్కితే పాసే లాభం. గోండోలా ఎక్కకపోయినా ఏమీ పోదు.

ఒక్క రోజుకి వచ్చిపోయే టూరిస్టుల దగ్గర వసూలు చేసే ప్రవేశ రుసుము గురించి ఎవరో ఒకరు భయపెడతారు. అది ఇప్పటిదాకా ఏప్రిల్, జులై మధ్య కొన్ని రోజులకే. ఊళ్లో రాత్రి ఉండేవాళ్లకి ఎలాగూ లేదు.

సోషల్ మాస్టారు | చీరాల
ఎన్ని వంతెనలు అని అడగాలని నాకు చచ్చినా తట్టేది కాదు. మా అమ్మాయి మూడు హోటళ్లకి మెసేజ్ పెట్టింది. ఒకరు 'సున్నా' అని జవాబిచ్చారు. అదే ఖాయం చేశాం.

వీసా కాగితాల గురించి చెప్పగలరా? నాకు లీవ్ లెటర్ లేదు, ఐటీ రిటర్నులు ఉన్నాయి.

లెక్కల మనిషి | విజయవాడ
రిటైరైనవాళ్లకి లీవ్ లెటర్ అక్కర్లేదు. పెన్షన్ పేమెంట్ ఆర్డర్ కాపీ, పెన్షన్ పడే ఖాతా స్టేట్‌మెంట్, ఐటీ రిటర్నులు పెట్టండి. అమ్మాయి ఖర్చు పెడుతోంది కాబట్టి ఆమె దగ్గర నుంచి ఒక లెటరు, ఆమె బ్యాంకు స్టేట్‌మెంటు కూడా. ఇన్సూరెన్స్ కనీసం 30 వేల యూరోలకి ఉండాలి, మొత్తం షెంగెన్ దేశాల్లో, అంటే ఈ ఒక్క వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలన్నిట్లో చెల్లాలి. ఫీజు ఒక్కొక్కరికి 90 యూరోలు, వీసా సెంటర్ వాళ్ల ఛార్జీ విడిగా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, 45 దాకా కూడా లాగొచ్చు. హైదరాబాద్ సెంటర్‌లో స్లాట్ దొరకడమే అసలు పని. జులైలోనే పట్టుకోండి. వేలిముద్రలకి ఇద్దరూ స్వయంగా వెళ్లాలి.

నేను రెండుసార్లు దెబ్బతిన్న విషయం ఒకటి: ఇంటిపేరు. మనకి ఆధార్‌లో ఒక రకంగా, బ్యాంకులో పొట్టక్షరాలతో, పాస్‌పోర్ట్‌లో ఇంకో రకంగా ఉంటుంది. అన్నిటికీ పాస్‌పోర్టే ప్రమాణం. అందులో ఇంటిపేరు గడిలో ఏముందో రైలు టికెట్‌లో, కొలోసియం టికెట్‌లో అదే కొట్టాలి. మా ఆవిడ పాస్‌పోర్ట్‌లో ఆ గడి ఖాళీ. ప్రతి వెబ్‌సైట్ దగ్గరా ఒక యుద్ధం.

సోషల్ మాస్టారు | చీరాల
ఇప్పుడే తీసి చూశాను. నాది సరిగ్గా ఉంది. ఆవిడది పుట్టింటి పేరుతో ఉంది. 'నా ఇంటిపేరు నాకుంది, నీకెందుకు టెన్షన్' అంటోంది.

లెక్కల మనిషి | విజయవాడ
ఏమీ ఇబ్బంది లేదు. పెళ్లి సర్టిఫికెట్ కాపీ ఒకటి జతచేయండి.

ఊరగాయ జాడీ | రాజమండ్రి
మా చేతి చమురు వదిలిన సంగతి చెప్తాను. ఫ్లోరెన్స్ నుంచి పీసా వెళ్లడానికి చిన్న రైలు టికెట్లు కౌంటర్లో కొన్నాం. కాగితం టికెట్. ఎక్కి కూర్చున్నాం. టీసీ వచ్చి, 'దీని మీద ముద్ర లేదు' అన్నాడు. ప్లాట్‌ఫాం మొదట్లో చిన్న మిషన్ ఉంటుందట, అందులో పెట్టి తేదీ, టైము కొట్టించుకుని ఎక్కాలట. మా అత్తగారు తెలుగులో అరగంట వాదించారు, వాడు విననే లేదు. ముగ్గురికీ ఫైన్ పడింది. ఆ ఫైన్‌తో పీసా గోపురం ఇంకో రెండుసార్లు ఎక్కొచ్చు.

పాదొవా విద్యార్థిని | పాదొవా, ఇటలీ
అయ్యో అక్కా. మాస్టారూ, ఇది చిన్న రైళ్లకే, అంటే రీజనల్ బండ్లకి. ఫోన్లో కొన్న రీజనల్ టికెట్ అయితే ఎక్కే ముందు యాప్‌లోనే 'చెక్ ఇన్' నొక్కాలి. ఫాస్ట్ బండ్లలో తేదీ, బండి, సీటు అన్నీ టికెట్ మీదే ఉంటాయి, ముద్ర అక్కర్లేదు. కానీ ఆ బండి తప్పిపోతే చవక టికెట్ మురిగిపోయినట్టే.

రీజనల్ టికెట్ ఎప్పుడు కొన్నా ఒకటే రేటు. ఫాస్ట్ బండ్లకి మాత్రం విమానం లాగా రేటు పెరుగుతుంది. రోమ్, ఫ్లోరెన్స్ టికెట్ నెలలు ముందు కొంటే 20, 30 యూరోల్లో దొరకొచ్చు, ఆ రోజే కొంటే 50 దాటొచ్చు.

ఇక్కడ సమ్మెలు మామూలే, 'షోపెరో' అంటారు. ముందే ప్రకటిస్తారు కాబట్టి ప్రయాణం ముందు వారం ఆ మాట పెట్టి వెతకండి. ఆ రోజుల్లో కూడా పనిదినమైతే పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని రీజనల్ బండ్లు నడిచి తీరతాయి.

కాజీపేట లోకో | కాజీపేట
సామాను గురించి ఒక మాట. కూలీలు ఉండరు. చీరాలలో సాగనంపడానికి వచ్చినవాళ్లు పెట్టె పై బెర్త్ మీదికి ఎక్కించినట్టు అక్కడ కుదరదు, పెద్ద స్టేషన్లలో టికెట్ లేనివాళ్లని గేటు లోపలికే పంపరు. మీ పెట్టె మీరు ఒంటిచేత్తో రెండు మెట్లు ఎత్తగలరా అని ఇంట్లోనే చూసుకోండి. ఎత్తలేకపోతే అందులోంచి తీసేయాల్సినవి ఉన్నాయని అర్థం. రోమ్ వీధుల్లో నల్లరాళ్లు పరిచి ఉంటాయి, చిన్న చక్రాలు ఇరుక్కుపోతాయి. చెప్పులు వద్దు, బూట్లే.

ఊరగాయ జాడీ | రాజమండ్రి
తిండి సంగతి నేను చెప్తాను, నా సబ్జెక్టు 😀 శాకాహారులు ఇటలీలో పస్తులుండరు. పిజ్జా మార్గరీటా, టమాటా పాస్తా ప్రతి వీధిలో ఉంటాయి. 'మరినారా' పిజ్జా అంటే సముద్రం పేరు చూసి భయపడకండి, టమాటా, వెల్లుల్లి తప్ప ఏమీ ఉండదు. 'పెపెరోని' అని ఉంటే మన దగ్గర మాంసం, అక్కడ క్యాప్సికం! 'అచ్చూగే' అన్న మాట కనిపిస్తే మాత్రం వదిలేయండి, చిన్న చేపలు. పార్మిజాన్ చీజ్‌లో దూడ పొట్టలోంచి తీసే పదార్థం వాడతారు. మా అత్తగారికి ఆ విషయం చివరిరోజు దాకా చెప్పలేదు, మీరు మీ ఇష్టం.

బిల్లులో 'కొపెర్తో' అని తలకి ఒకటి రెండు యూరోలు వేస్తే మోసం అనుకోకండి, అది కూర్చున్నందుకు. కాఫీ నిలబడి తాగితే చవక. రోమ్‌లో మంచినీళ్లు కొనకండి, వీధి మలుపుల్లో ఇనప కుళాయిల్లో ఎప్పుడూ చల్లటి నీళ్లు కారుతుంటాయి. సీసా ఉంటే చాలు.

ఇక్కడి నుంచి పొడులు, పచ్చళ్లు పట్టుకెళ్లండి. నెయ్యి, పాలకోవా, పచ్చి కరివేపాకు వద్దు, యూరప్‌లోకి పాల పదార్థాలు, పచ్చి ఆకులు తేకూడదు.

పాదొవా విద్యార్థిని | పాదొవా, ఇటలీ
పచ్చడి అనగానే కడుపులో ఏదో అయ్యింది అక్కా. ఏడు నెలలైంది గోంగూర తిని.

లెక్కల మనిషి | విజయవాడ
వారాల లెక్క కూడా చూసుకోండి మాస్టారూ. ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ చిత్రశాల, మైకెలాంజిలో దావీదు విగ్రహం ఉన్న అకాదెమియా, రెండూ సోమవారం మూత. వాటికన్ మ్యూజియం ఆదివారం మూత, నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితం, అంటే తిరణాల. కాబట్టి శుక్రవారం రోమ్‌లో దిగండి. సోమవారం వాటికన్. మంగళ, బుధ ఫ్లోరెన్స్. గురువారం నుంచి వెనిస్, ఆదివారం తిరుగు ప్రయాణం. కొలోసియం టికెట్లు 30 రోజుల ముందు వదులుతారు, ఒక్కొక్కటి 18 యూరోలు. అమ్మాయిని అలారం పెట్టుకోమనండి. లోపల లిఫ్ట్ ఉంది. ఫ్లోరెన్స్ పెద్ద చర్చి గోపురానికి లేదు, 463 మెట్లు. మీరు ఎక్కండి, అమ్మగారు కింద ఐస్‌క్రీం తింటారు.

కాజీపేట లోకో | కాజీపేట
ఆ ఆదివారం అక్టోబర్‌లో చివరి ఆదివారం అయితే జాగ్రత్త. ఆ తెల్లవారుజామున అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పటిదాకా మనకీ వాళ్లకీ మూడున్నర గంటల తేడా, ఆ రోజు నుంచి నాలుగున్నర. ఫోన్ తనంతట అదే మారుతుంది, చేతి గడియారం మారదు.

సోషల్ మాస్టారు | చీరాల
వీసాలు వచ్చాయి! ఇద్దరివీ. రైలు టికెట్లు కూడా కొన్నాం. ఫ్లోరెన్స్ నుంచి వెనిస్ బండి మధ్యలో పాదొవాలో ఆగుతుందని చూశాను. మా ఆవిడ మన అమ్మాయి రాసింది చదివినప్పటి నుంచి గోంగూర ఎంత పట్టాలని ఒకటే గోల. ప్లాట్‌ఫాం మీదికి వస్తే తలుపు దగ్గర అందిస్తాం తల్లీ.

కాజీపేట లోకో | కాజీపేట
మాస్టారూ, అది రెండు మూడు నిమిషాల హాల్టు. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ పెట్టెలతో ఉంటారు, అమ్మగారు మోకాళ్లతో తలుపు దగ్గరికి వచ్చి సీసా అందించేలోపు బండి కదులుతుంది. అలాంటి పనులు చీరాలలో చేసుకుందాం. వెనిస్‌లో మూడు రాత్రులున్నాయిగా, ఒక పూట రీజనల్ బండి ఎక్కి పాదొవా వెళ్లి రండి. టికెట్ మీద ముద్ర మర్చిపోకండి.

పాదొవా విద్యార్థిని | పాదొవా, ఇటలీ
అవును, శుక్రవారం రండి, నాకు మధ్యాహ్నం నుంచి క్లాసులు లేవు. ఇక్కడ స్క్రొవెన్యీ చాపెల్‌లో జొత్తో అనే చిత్రకారుడు వేసిన గోడ చిత్రాలున్నాయి, 1305 నాటివి. మీరు చెప్పిన పునరుజ్జీవనం పాఠానికి మొదటి పేజీ అనుకోండి. లోపల కొద్ది నిమిషాలే ఉండనిస్తారు, ముందు బుక్ చేయాలి. నేను చేస్తాను, పాస్‌పోర్ట్‌లో పేర్లు ఎలా ఉన్నాయో అలాగే మెసేజ్‌లో పంపండి, ఇక్కడ బయట పెట్టకండి.

గోంగూర అరకిలో చాలండీ. ముప్పావు అయినా పర్వాలేదు.

ఊరగాయ జాడీ | రాజమండ్రి
చేతి సంచీలో పెడితే సెక్యూరిటీ దగ్గర నూనె అని తీసేస్తారు. చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. గాజు సీసా వద్దు, ప్లాస్టిక్ డబ్బాకి మూత చుట్టూ టేపు, దాని మీద రెండు కవర్లు, ఆ పైన మాస్టారి పంచె చుట్టండి. ఆవిడ చీర వద్దు.